కథానాయకుడు ఎందుకు మాట్లాడడు? జపాన్ ఆర్పీజీ గేమ్‌లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి బొమ్మలు వేసే అలవాటు ఉంది. జపాన్ ఆర్పీజీ గేమ్‌లలో కథానాయకుడి జుట్టు ముళ్లలా లేచి ఉంటుంది, కత్తి మనిషంత ఉంటుంది, బృందంలో ఒక్కొక్కరికి ఒక్కో రంగు దుస్తులుంటాయి. ఇదంతా అందం కోసమేనా, దీని వెనక ఏదైనా లెక్క ఉందా? అలాంటి పాత్రలు గీయడం నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: లెక్క ఉంది. ఆ లెక్క తెలుసుకోకుండా జుట్టునూ కత్తినీ మాత్రమే అనుకరిస్తే ఆ బొమ్మ ఎక్కడో చూసినట్టు అనిపిస్తుంది తప్ప గుర్తుండిపోదు. అందుకే మీ ప్రశ్నకు కొంచెం వివరంగా జవాబు చెబుతాను.

ఆర్పీజీ అంటే రోల్ ప్లేయింగ్ గేమ్, ఆటగాడు ఒక పాత్రను నడిపిస్తూ కథలో ముందుకు సాగే ఆట. ఈ తరహా గేమ్‌ల రూపురేఖలు 1980లలో టీవీకి తగిలించి ఆడే నింటెండో వారి ఫామికామ్ యంత్రం మీద స్థిరపడ్డాయి. ఎనిక్స్ సంస్థ 1986 మే 27న విడుదల చేసిన డ్రాగన్ క్వెస్ట్, స్క్వేర్ సంస్థ 1987 డిసెంబరు 18న విడుదల చేసిన ఫైనల్ ఫాంటసీ ఇందుకు పునాది వేశాయి. ఆ రోజుల్లో ఊళ్లో నడిచే మనిషి బొమ్మకు దక్కిన చోటు అడ్డంగా 16 చుక్కలు (పిక్సెళ్లు), నిలువుగా 16 చుక్కలు మాత్రమే. దానికి వాడుకోదగిన రంగులు మూడు. అంత ఇరుకులో ముక్కు తీర్చడానికి వీలుండదు, పెదవుల మీద చిరునవ్వు చూపడానికీ వీలుండదు. మిగిలేవి తల ఆకారం, దాని మీది టోపీ లేదా జుట్టు, ఒంటి మీది అంగీ రంగు. ఈ మూడింటితోనే ఇతడు యోధుడు, ఈమె వైద్యం చేసే మంత్రగత్తె, అతడు దొంగ అని ఆటగాడికి తెలియజెప్పాలి.

ఫైనల్ ఫాంటసీకి యోషితక అమానో వేసిన చిత్రాలలో గీతలు సన్నగా, రంగులు పలచగా ఉండి, మనుషులు గాలిలో తేలుతున్నట్టుంటారు. తెర మీద కనబడే చుక్కల బొమ్మలు గీసినది కజుకో షిబుయా. ఆమె తీర్చిదిద్దిన బొమ్మలలో నల్ల మాంత్రికుడిని ఒకసారి వెతికి చూడండి. మొన తేలిన పసుపు టోపీ, నీలపు అంగీ, ముఖం ఉండవలసిన చోట చీకటి, ఆ చీకట్లో రెండు కళ్లు. అంతకు మించి ఏమీ లేదు. ముఖం గీయనవసరం లేని ఈ ఏర్పాటు ఎంత బలమైనదో 2000లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 9 చూపించింది. అప్పటికి యంత్రాలు ముఖాన్ని ఎంత వివరంగానైనా చూపగలవు. అయినా అందులోని వివి అనే పిల్లవాడికి అదే టోపీ, అదే చీకటి ముఖం ఉంచారు. తాను ఎక్కడి నుంచి వచ్చాడో ఆ పిల్లవాడికి తెలియదు. తనవంటివారిని యుద్ధం కోసం తయారు చేశారని, వారి ఆయుష్షు చాలా కొద్దిదని మెల్లమెల్లగా తెలుసుకుంటాడు. చోటు చాలక వదిలేసిన ముఖమే పదమూడేళ్ల తరువాత "నేనెవరిని" అనే ప్రశ్నగా మారింది. పాత్ర రూపకల్పనలో ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కళాకారుల పని మీరు చూసే ఉంటారు. తెర వెనక దీపం, తెర ముందు చీకట్లో దూరంగా కూర్చున్న జనం; అంత దూరం నుంచి కూడా పది తలలు కనబడగానే రావణుడని, తోక పైకి లేవగానే హనుమంతుడని పసిపిల్లలు సైతం చెప్పేస్తారు. నగలు మెరవడానికి తోలుకు పొడిచిన చిల్లులు, ముఖం పక్కకు తిరిగి ఉన్నా నిండుగా కనబడే పెద్ద కన్ను, ఇవన్నీ ఆ తెరకు, ఆ వెలుతురుకు తగినట్టు తరతరాలుగా కుదురుకున్నవి. గేమ్ పాత్రల రూపమూ అదే అవసరం నుంచి పుట్టింది: తెర చిన్నది, చూసేవారికి ఉన్న వ్యవధి ఒక్క క్షణం, ఆ క్షణంలోనే ఎవరు ఎవరో తెలిసిపోవాలి.

ముళ్ల జుట్టు సంగతికి వస్తాను. 1997లో ఫైనల్ ఫాంటసీ 7 త్రీడీ బొమ్మలతో వచ్చింది. కథానాయకుడైన క్లౌడ్‌కు రూపకర్త తెత్సుయా నోమురా మొదట నల్లని జుట్టును వెనక్కి దువ్వినట్టు గీశాడు. అలా అయితే బొమ్మకు పట్టే పాలిగన్లు, అంటే త్రీడీ బొమ్మను కట్టే చిన్న చిన్న పలకలు, తగ్గుతాయి, పొడవాటి వెండి రంగు జుట్టున్న ప్రతినాయకుడు సెఫిరోత్ పక్కన తేడా కూడా స్పష్టంగా ఉంటుంది. అయినా కథానాయకుడు మరింత కొట్టొచ్చినట్టు కనబడాలని, పని పెరిగినా సరే, నిక్కబొడుచుకున్న బంగారు రంగు జుట్టుకు మార్చాడు. మీరు అడిగిన మనిషంత కత్తి కూడా అలంకారం కాదు. క్లౌడ్ వీపున మోసే ఆ కత్తి నిజానికి అతడిది కాదని, చనిపోయిన మిత్రుడు జాక్‌దని కథలో చాలా దూరం నడిచాక తెలుస్తుంది. క్లౌడ్ తనవని చెప్పుకొన్న జ్ఞాపకాలలో కొన్ని కూడా అతడివి కావు. మొదటి నిమిషం నుంచి మన కళ్ల ముందే ఉన్న కత్తి ఆ రహస్యాన్ని మోస్తూనే ఉంది.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. గళ్ల పుస్తకం ఒకటి తీసుకుని, అడ్డంగా 16, నిలువుగా 16 గళ్లలో, మూడే రంగులతో ఒక మనిషిని నిలబెట్టండి. ఆ తరువాత అదే పాత్రను పెద్దగా గీసి, లోపలంతా నల్లటి సిరాతో నింపేయండి. నల్లబొమ్మ చూసి మీ స్నేహితురాలు ఆ పాత్రను గుర్తుపడితే రూపం కుదిరినట్టే. ఒక్క పాత్రతో ఆగకుండా బృందంలోని నలుగురినీ పక్కపక్కన గీయడం తప్పనిసరి. ఒకరు పొడవైతే ఒకరు పొట్టి, ఒకరి అంగీ వదులైతే ఒకరిది బిగుతు. ఈ తేడాలు విడివిడిగా గీసినప్పుడు తెలియవు. శత్రువుల బొమ్మల మీద కూడా ఇంతే శ్రద్ధ పెట్టండి. డ్రాగన్ క్వెస్ట్‌లో మొదట ఎదురయ్యే స్లైమ్ అనే జీవిని ఆ గేమ్ సృష్టికర్త యూజీ హోరీ బురద ముద్దలా ఊహిస్తే, చిత్రకారుడు అకిరా తోరియామా దాన్ని నవ్వు ముఖంతో ఉన్న నీటిబొట్టుగా మార్చాడు. దాదాపు నలభై ఏళ్లుగా ఆ గేమ్‌లకు గుర్తు ఆ బొట్టే.

ప్రశ్న: నేను డ్రాగన్ క్వెస్ట్ వరసలో కొన్ని గేమ్‌లు ఆడాను. కథానాయకుడు ఒక్క మాటా మాట్లాడడు. చుట్టూ ఉన్నవాళ్లు ఏడుస్తున్నా, కన్నతండ్రి చనిపోతున్నా నోరు విప్పడు. తక్కినవాళ్లేమో పేజీలకు పేజీలు మాట్లాడతారు. ఇది రచయితల సోమరితనం అనుకోవచ్చా, సార్?
— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: సోమరితనం కాదు. ఆ పాత్రకు పేరు పెట్టేది మీరు, దారి చూపేది మీరు, కాబట్టి మాట కూడా మీదే కావాలన్నది డ్రాగన్ క్వెస్ట్ సృష్టికర్త యూజీ హోరీ ఆలోచన. ఆటలో చాలాచోట్ల మిమ్మల్ని అవునా కాదా అని మాత్రమే అడుగుతారు. మొదటి గేమ్ చివర రాక్షసరాజు "నాతో చేరితే సగం ప్రపంచం నీకిస్తాను" అని బేరం పెడతాడు. అక్కడ కథానాయకుడు పెద్ద ఉపన్యాసమిచ్చి తిరస్కరిస్తే అది అతడి గొప్పతనం అవుతుంది. అతడు మౌనంగా ఉండడం వల్ల జవాబు చెప్పే బాధ్యత మీ వేలి మీద పడుతుంది. అవునన్నారో, ఆట అక్కడితో సరి.

మీరు ప్రస్తావించిన తండ్రి మరణం 1992 నాటి డ్రాగన్ క్వెస్ట్ 5 లోనిదని అనుకుంటున్నాను. ఆ ఘట్టం నాకు ఎంతో ఇష్టమైనది కాబట్టి కొంచెం నిలిచి చెబుతాను. బాల్యంలో తండ్రి పాంక్రజ్ వెంట నడుస్తాం. పిల్లవాడి దెబ్బకు రాక్షసి కదలను కూడా కదలదు. తండ్రి మాత్రం ఒకే వంతులో రెండుసార్లు కొడతాడు. పోరాటం ముగియగానే, పిల్లవాడికి దెబ్బ తగిలి ఉంటే, మనం అడగకుండానే మంత్రం వేసి నయం చేస్తాడు. ఇది ఎవరూ మాటల్లో చెప్పరు, ఆటలో జరిగిపోతూ ఉంటుంది, మనం దానికి అలవాటు పడిపోతాం. ఆ తరువాత శత్రువులు పిల్లవాడి మెడ మీద కత్తి పెట్టి తండ్రిని బెదిరిస్తారు. అంతటి వీరుడు చేయి ఎత్తకుండా దెబ్బలు తింటూ ప్రాణం విడుస్తాడు. అక్కడ పిల్లవాడు "నాన్నా" అని అరిచినా మనకు అంత బాధ కలగదు. ఇక మీదట ప్రతి పోరాటం తరువాతా మనకు మనమే మందు వేసుకోవలసి వచ్చినప్పుడు ఆ లోటు తెలుస్తుంది.

అదే గేమ్‌లో మరొక సంగతి ఉంది. తండ్రి దాచి ఉంచిన దివ్యఖడ్గం దొరుకుతుంది, కానీ దాన్ని కథానాయకుడు ధరించలేడు. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఫలితం ఉండదు. పురాణంలో చెప్పిన వీరుడు అతడు కాదు. అతడికి పెళ్లయి, పిల్లలు పుట్టి, కొడుకు కొంత పెరిగాక ఆ ఖడ్గం ఆ కొడుకు చేతిలో ఇమిడిపోతుంది. మాటలు లేని పాత్రతో ఇంత చెప్పగలిగారు.

1995లో వచ్చిన క్రోనో ట్రిగర్ ఈ మౌనాన్ని మరో దారిలో వాడుకుంది. మొదట్లో తిరునాళ్లలో తిరుగుతున్నప్పుడు ఒక అమ్మాయి మీకు తగిలి కిందపడుతుంది, ఆమె మెడలోని పతకం దూరంగా పడుతుంది. మీరు ముందు ఆమెను పలకరించారా, పతకం అందుకున్నారా? అక్కడ పెట్టి ఉన్న ఎవరిదో భోజనం తిన్నారా? తప్పిపోయిన పిల్లిని చిన్నపిల్లకు చేర్చారా? కొంతసేపటికి కథానాయకుడు న్యాయస్థానంలో నిలబడినప్పుడు ఇవన్నీ సాక్ష్యాలుగా బయటికి వస్తాయి. తీర్పు ఏదైనా చెరసాల తప్పదు, అది వేరే విషయం. కానీ విచారణ జరిగింది ఆ పాత్రకు కాదు, మీకే.

మీ అసంతృప్తిలో న్యాయం లేదని మాత్రం అనను. 2017 నాటి డ్రాగన్ క్వెస్ట్ 11 వంటి గేమ్‌లలో ముఖాలు దగ్గరగా, స్పష్టంగా కనబడతాయి; తక్కినవారికి తరువాతి కూర్పులలో గొంతులు కూడా వచ్చాయి. అందరూ గొంతెత్తి మాట్లాడుతున్న చోట ఒక్కడు తల ఊపుతూ నిలబడితే వెలితిగానే ఉంటుంది. చుక్కల బొమ్మల కాలంలో ఎంతో సహజంగా ఇమిడిన పద్ధతిని కొత్త రూపంలోకి యథాతథంగా తీసుకువస్తే అతకదని నా అభిప్రాయం.

ప్రశ్న: నేను కర్నూలులో ఉపాధ్యాయుడిని. నా విద్యార్థులు చెప్పే ఈ గేమ్‌ల కథలన్నీ నాకు ఒకేలా వినిపిస్తున్నాయి. పదిహేను, పదహారేళ్ల కుర్రవాడు, తగలబడిన ఊరు, దుష్ట సామ్రాజ్యం, చివరికి దేవుడితోనే యుద్ధం. ఈ మూసకు కారణమేమిటి? ఇందులో పిల్లలకు ఒరిగేదేమైనా ఉందా?
— ఒక ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: మూస ఉన్న మాట నిజం, మాస్టారూ. వయసు సంగతి తేలికైనది. తొలినాటి ఆటగాళ్లలో ఎక్కువమంది బడిపిల్లలు. డ్రాగన్ క్వెస్ట్‌కు పేరు తెచ్చిన వేదిక షోనెన్ జంప్ అనే పిల్లల వారపత్రిక; హోరీ అందులో రాసేవాడు, తోరియామా బొమ్మల కథలు అందులోనే వచ్చేవి. చదివేవారి ఈడు కథానాయకుడే అక్కడి ఆనవాయితీ, అదే గేమ్‌లలోకి వచ్చింది.

దేవుడితో యుద్ధం దాకా వెళ్లడానికి కారణం అంకెలలో ఉంది. ఆర్పీజీలో గెలిచిన ప్రతి పోరాటంతోనూ పాత్ర బలం పెరుగుతుంది. మొదట పొలిమేరలోని పురుగును కొట్టలేనివాడు పది గంటలకు సైన్యాన్ని, ఇరవై గంటలకు ఘటోత్కచుడి వంటి రాక్షసుడిని కొడతాడు. పెరిగిన బలానికి సరిజోడు దొరకాలి కాబట్టి శత్రువు స్థాయిని పెంచుకుంటూ పోతారు, ఆ నిచ్చెన పై మెట్టు మీద దేవుడు తప్ప ఎవరూ మిగలరు. ఇది చేతకాని రచయిత చేతిలో ఎంత పేలవంగా ఉంటుందంటే, అంతవరకు పేరైనా వినని దేవత ఆఖరి గంటలో ఊడిపడుతుంది. నేను ఎంతో మెచ్చుకునే ఫైనల్ ఫాంటసీ 9 కూడా ఆ లోపం నుంచి తప్పించుకోలేదు.

కానీ మంచి రచయితలు ఆ అంకెలతోనే కథ చెప్పారు. 1991 నాటి ఫైనల్ ఫాంటసీ 4 లో సెసిల్ అనే సేనాని రాజాజ్ఞకు లోబడి అమాయకుల మీద దాడి చేసినవాడు. అతడు వాడే చీకటి విద్య శత్రువును కొట్టినప్పుడల్లా అతడి ప్రాణబలాన్నీ కొంత తినేస్తుంది. పశ్చాత్తాపంతో కొండ ఎక్కి, అద్దంలో తన పాత రూపాన్నే ఎదుర్కొంటాడు. అక్కడ కత్తి దూసినంతకాలం గెలుపు లేదు. కొట్టకుండా దెబ్బలు ఓర్చుకుని నిలబడితేనే పరీక్ష ముగుస్తుంది. బయటికి వచ్చాక అతడి స్థాయి మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. గంటల తరబడి కూడబెట్టుకున్న బలం పోయినందుకు ఆటగాడి మనసు చివుక్కుమంటుంది. మారడమంటే ఏమిటో మీ విద్యార్థికి ఆ నిమిషంలో అనుభవంలోకి వస్తుంది.

1994లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 6 మూసను నడిమికి విరిచింది. ఆడదగిన పాత్రలు పద్నాలుగు, వారిలో ఏకైక కథానాయకుడు లేడు. సగం కథకే దుష్టుడు గెలుస్తాడు, ప్రపంచం నాశనమవుతుంది. ఆ తరువాత సెలెస్ అనే యువతి ఒక చిన్న దీవిలో కళ్లు తెరుస్తుంది. అక్కడ జబ్బుపడిన సిడ్ అనే ముసలాయన తప్ప ఎవరూ లేరు. ఆమె ఒడ్డుకు వెళ్లి చేపలు పట్టి తెచ్చి ఆయనకు పెట్టాలి. చురుగ్గా ఈదే చేప ఆయనకు మేలు చేస్తుంది, మందకొడిగా కదిలే చేప కీడు చేస్తుంది. ఈ సంగతి ఎవరూ చెప్పరు. తొందరపడి చేతికి అందినది పెట్టామో, ఆయన చనిపోతాడు. కథ అక్కడితో ఆగదు, బతికినా చనిపోయినా ముందుకు సాగుతుంది. దీవి దాటాక పాత మిత్రులలో ఇద్దరు మాత్రమే కథ ప్రకారం తప్పక కలుస్తారు. తక్కినవారిని వెతికి తెచ్చుకోవడమో మానడమో పూర్తిగా మన ఇష్టం. అదే ఏడాది వచ్చిన మదర్ 2 లో అంతిమ శత్రువు ఆయుధాలకు లొంగడు. బృందంలోని అమ్మాయి తమకు తెలిసినవారందరి కోసం ప్రార్థిస్తూ పోగా, చివరి ప్రార్థన ఆట ఆడుతున్న మనిషికి, పేరుపేరునా చేరుతుంది.

పిల్లలు ఈ కథల గురించి మాట్లాడినప్పుడు మీరు అడగవలసినది "చివరికి ఏమైంది" అని కాదు, "అక్కడ నువ్వు ఏం చేశావు" అని. జవాబులో చాలా తేడా కనబడుతుంది.

ప్రశ్న: ఈ గేమ్‌లలో ఆడ పాత్రల దుస్తులు చూస్తే మా పాపకు ఇవ్వాలంటే సంకోచంగా ఉంది. ఫోనులో ఆడదగినవి ఏమైనా ఉన్నాయా?
— ఒక తల్లి, కడప

జవాబు: మీ సంకోచం సబబే, అమ్మా. మగవాడికి నిండు కవచం వేసి, అదే యుద్ధానికి వెళ్లే ఆమెకు అరకొర బట్టలు వేయడం పాత్ర స్వభావం నుంచి వచ్చినది కాదు, సరుకు అమ్ముకోవడానికి చేసినది. దాన్ని సంప్రదాయమని సమర్థించనవసరం లేదు. క్రోనో ట్రిగర్, పాత డ్రాగన్ క్వెస్ట్‌లు, ఫైనల్ ఫాంటసీ తొలి ఆరు గేమ్‌లను మెరుగుపరచిన పిక్సెల్ రీమాస్టర్ కూర్పులు ఫోనులో దొరుకుతాయి. వాటిలో కొన్నిచోట్ల పిల్లలకు తగని హాస్యం ఉంది కాబట్టి వయసు సూచన చూసి, మొదటి గంట పక్కన కూర్చోండి. ఇవి తెలుగులో లేవు, పాపకు ఇంగ్లిష్ చదవడం వచ్చి ఉండాలి.

ప్రశ్న: మేము ముగ్గురు మిత్రులం గండికోట నేపథ్యంగా ఒక చిన్న ఆర్పీజీ తయారు చేయాలనుకుంటున్నాం. ఆర్పీజీ మేకర్ ఎంవీ సాఫ్ట్‌వేర్ కొన్నాం. జపాన్ పద్ధతులను ఎంతవరకు పాటించాలి?
— ఒక యువకుడు, జమ్మలమడుగు

జవాబు: ఆ సాఫ్ట్‌వేర్‌లో నడిచే మనిషి బొమ్మ మామూలు కొలత 48 చుక్కలకు 48 చుక్కలు, నాలుగు దిక్కులకు మూడేసి అడుగుల చొప్పున ఒక పాత్రకు 12 బొమ్మలు గీయాలి. ఈ లెక్కతో చూస్తే ముప్పై పాత్రల కథ ముగ్గురు మిత్రుల ఓపికకు మించిపోతుంది. ముగ్గురు నడిచేవారు, పదిమంది ఊరివాళ్లు, ఒక కోట, ఇది చాలు.

ప్రపంచాన్ని రక్షించే కథ వద్దు. కోట కింద పెన్న లోయ ఉంది, లోపల మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం ఉన్నాయి. ధాన్యాగారంలో గింజలు ఎన్ని రోజులకు వస్తాయన్నదే మీ అంకె కావచ్చు. ప్రాణబలం అనే అంకె స్థానంలో ఊరి ధాన్యం తగ్గుతూ ఉంటే, గాయపడిన బంటుకు పెట్టాలా, బయట తలుపు తడుతున్న పొరుగూరివారికి పెట్టాలా అని ఆటగాడు నిర్ణయించుకోవలసి వస్తుంది. డ్రాగన్ క్వెస్ట్ నుంచి మాట్లాడని కథానాయకుడిని తీసుకోండి, ఎందుకంటే ఈ నిర్ణయం ఆటగాడిదే కావాలి. జపాన్ పేర్లు, జపాన్ జుట్టు, స్ఫటికాలు వదిలేయండి. పాత్రలు కడప మాండలికంలోనే మాట్లాడనివ్వండి. మాటల పెట్టెలో ఒక్కసారికి నాలుగు వరుసలే పడతాయి కాబట్టి ప్రతి సంభాషణనూ పైకి చదివి, నాలుగు వరుసలకు మించినదాన్ని కోసేయండి. తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగా కనబడే ఫాంటును మొదటి రోజే పెట్టి పరీక్షించుకోండి. పాత్రల బొమ్మలు మొదలుపెట్టే ముందు ధాన్యాగారం దృశ్యం ఒక్కటి, రంగులు లేని చతురస్రాలతోనైనా సరే, తయారు చేసి ఊళ్లో ఎవరిచేతనైనా ఆడించండి. గింజలు ఎవరికి పెట్టాలో తేల్చుకోలేక వారు ఆగిపోతే, అప్పుడు ఆ 12 బొమ్మలు గీయడానికి కూర్చోండి.